నాలుగో వరుస

(సంఘం వార్షికోత్సవ యువజన సదస్సులో చేసిన ప్రసంగానికి రాతరూపం)



సేకరించిన సమాచారంతో మంచి ఇన్ఫోగ్రాఫిక్ ఎలా తయారు చేసుకోవాలో యువతకి చెప్పమని సంఘం వాళ్లు నన్ను అడిగారు. నేను డిజైనర్ని కాదు. బి.ఎడ్. చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పని చేస్తున్నదాన్ని. రోజూ బియ్యం, పప్పు, నూనె లెక్కలు రాసే చెయ్యి ఇది. అయితే పోయిన ఏడాది ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మా పిల్లలూ నేనూ కలిసి ఒక ఇన్ఫోగ్రాఫిక్ వేశాం. అది ఎలా వేశామో, ఎక్కడ తప్పటడుగు వేశామో, ఎవరు సరిదిద్దారో చెబుతాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ముందు ఒక అంకె వినండి. 1991 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదివాసీ ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు 8.68 శాతం. నూరుమందిని నిలబెడితే తొమ్మిదిమంది. ఆ ఏడు నాకు పదకొండేళ్లు. ఆ తొమ్మిదిమందిలో నేనున్నాను. మా అమ్మ మిగతా తొంభైఒక్కరిలో ఉంది.

8.68 అని పుస్తకంలో చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. మా హాస్టల్ పిల్ల ఒకతె గళ్ల కాగితం మీద నూరు చుక్కలు పెట్టి, తొమ్మిదింటికి మాత్రం రంగు వేసి, "మేడం, ఇందులో మీరెక్కడున్నారు?" అని అడిగినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఇన్ఫోగ్రాఫిక్ చేసే పని అదే. పట్టికలో పడుకుని ఉన్న అంకెను లేపి, మనిషి ముందు నిలబెడుతుంది.

మన లెక్క మనం ఎందుకు వేయాలి

మన గురించి అంకెలకు కరువు లేదు. అక్షరాస్యత, రక్తహీనత, బడి మానేసినవాళ్లు, ఇల్లు లేనివాళ్లు అంటూ ప్రతి నివేదికలోనూ మన పేరు ఉంటుంది, ఎక్కువగా పట్టిక అడుగున. ఆ లెక్కలు అవసరమే, వాటిని నేను కాదనను. కానీ వాటిని బొమ్మగా గీసేటప్పుడు ఏది పెద్దగా కనిపించాలి, ఏది చిన్నగా కనిపించాలి, ఏ రంగు వేయాలి అనే నిర్ణయాలు ఇన్నాళ్లూ మనవి కావు.

1900లో పారిస్‌లో ఒక ప్రపంచ ప్రదర్శన జరిగింది. అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ అప్పుడు అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. తన విద్యార్థులను, సహచరులను కూర్చోబెట్టుకుని, తమ జాతి జీవితం గురించి సుమారు అరవై పటాలు చేత్తో గీసి, రంగులు వేసి ఆ ప్రదర్శనలో పెట్టాడు. భూమి ఎంతుంది, పిల్లలు బడికి ఎంతమంది వెళుతున్నారు, ఏ పనులు చేస్తున్నారు అన్నీ అందులో ఉన్నాయి. బానిసత్వం పోయాక తమవాళ్లలో నిరక్షరాస్యత దశాబ్దానికి దశాబ్దం ఎలా తగ్గుతూ వచ్చిందో ఒక పటం చూపించింది. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్పైఅయిదేళ్లే. కంప్యూటర్ లేదు, యాప్ లేదు. రంగులూ కాగితమూ సరైన లెక్కా ఉన్నాయి. మా పిల్లలకు ఆ పటాలు ఫోన్‌లో చూపించాను. ఒకమ్మాయి, "ఇది మనమూ వేయగలం కదా మేడం" అంది. మా పని అలా మొదలైంది.

మొదటి బొమ్మ ఎందుకు పనికిరాలేదు

పిల్లలు రెండు రోజుల్లో ఒక పోస్టర్ తయారు చేసి తెచ్చారు. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఒక టెంప్లేట్ తీసుకున్నారు. రంగులు ధగధగలాడుతున్నాయి. అందులో మన జనాభా, అక్షరాస్యత, భాషలు, తెగల సంఖ్య, అడవి విస్తీర్ణం, పోడు పట్టాలు, పండుగలు, అమరుల పేర్లు అన్నీ ఉన్నాయి. లెక్కపెడితే పద్నాలుగు అంకెలు. పక్కన ఈకల టోపీ పెట్టుకుని బల్లెం పట్టుకున్న మనిషి బొమ్మ. యాప్‌లో 'ట్రైబల్' అని వెతికితే అదే వచ్చిందట.

వంట గదిలో పనిచేసే అమ్మని పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "ఈ ఈకలాయన ఎవురమ్మా? మన ఊరోడు కాడే" అంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత "ఇందులో ఏం తెలిసింది?" అని అడిగితే, "రంగులు బాగున్నాయి" అంది. ఆమె మాటలో వెటకారం లేదు, చూసింది చూసినట్టు చెప్పింది.

మూట నిండా సామాన్లు కట్టి ఇస్తే మోసేవాడికి బరువే తప్ప ఏముందో తెలియదు. ఆ పోస్టర్ అలాంటి మూట. దాన్ని పక్కన పెట్టి, ఫోన్లు కూడా పక్కన పెట్టించి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.

ఒక ప్రశ్న, ఒక చూపరి

పాఠం చెప్పబోయే ముందు టీచరు పాఠ్య పథకం రాసుకుంటుంది. ఈ పాఠం ఎవరికి, అయ్యాక వాళ్లకి ఏం తెలియాలి అని అందులో ఉంటుంది. ఇన్ఫోగ్రాఫిక్‌కి కూడా అదే వర్తిస్తుంది. కాగితం మీద మూడు వాక్యాలు రాయించాను.

ఎవరు చూస్తారు? ఆదివారం పిల్లల్ని చూడటానికి హాస్టల్‌కి వచ్చే అమ్మానాన్నలు.

వాళ్లకి ఏ ప్రశ్నకు జవాబు దొరకాలి? మన అమ్మల కాలం నుంచి ఇప్పటికి, మన ఆడవాళ్లలో చదవడం, రాయడం ఎంత పెరిగింది?

చూశాక వాళ్లు ఏం చేయాలి? ఈ మూడో వాక్యం దగ్గర పిల్లలు, "పదో తరగతి అయ్యాక ఆడపిల్ల చదువు ఆపకండి" అని రాశారు. మంచి మాట. కానీ మా దగ్గరున్నది అక్షరాస్యత లెక్క. పదో తరగతి తర్వాత ఎవరు ఆగిపోయారు, ఎవరు కొనసాగారు అనేది ఆ లెక్కలో లేదు. ఆ మాట చెప్పాలంటే ఇంటర్‌లో చేరినవారి లెక్క వేరే తేవాలి. అంకె చెప్పని మాటను అంకె నోట పెట్టకూడదు. అందుకని ఆ మూడో వాక్యాన్ని అప్పటికి ఖాళీగా ఉంచాం. దాని సంగతి చివర్లో చెబుతాను.

అంకెను నాలుగు ప్రశ్నలు అడగండి

తర్వాత సమాచారం వెతికే పని. వాట్సాప్‌లో తిరిగే అంకె వద్దన్నాను. జనగణన శాఖ వెబ్‌సైట్‌లో పట్టికలు ఉంటాయి. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2013లో వేసిన గణాంకాల సంకలనంలో రాష్ట్రాలవారీ పట్టికలు ఉంటాయి. దొరికిన ప్రతి అంకెనీ నాలుగు ప్రశ్నలు అడగమన్నాను.

మొదటిది: నువ్వు దేన్ని కొలిచావు? జనగణనలో అక్షరాస్యులు అంటే ఏడేళ్లు, ఆ పైబడినవారిలో ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చినవారు. సంతకం మాత్రమే వస్తే లెక్కలోకి రాదు. బడికి వెళ్లకపోయినా చదవడం, రాయడం వస్తే లెక్కలోకి వస్తుంది. ఇక ఏ విత్తనం ఏ నేలలో వేయాలో, ఏ దుంప విషమో, ఏ ఆకు మందో తెలిసిన తెలివిని ఈ అంకె కొలవదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండోది: ఎవరిని లెక్కించావు? 1981 దాకా గిరిజనుల అక్షరాస్యతను చిన్నపిల్లల్ని కూడా జనాభాలో కలిపి లెక్కగట్టారు. 1991 నుంచి ఏడేళ్లు నిండినవారినే తీసుకున్నారు. ఈ రెండింటినీ ఒకే గీత మీద పెడితే కుంచంతో కొలిచిన గింజల్ని, కాటా వేసిన గింజలతో పోల్చినట్టే. అందుకే మేం 1991 నుంచే మొదలుపెట్టాం.

మూడోది: ఏ ఊరి అంకెవి? 2011 దాకా ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఉమ్మడి రాష్ట్రపు పాత అంకె పక్కన ఇప్పటి రాష్ట్రపు అంకె పెట్టి పెరిగింది, తగ్గింది అనకూడదు. మేం మూడు ఏళ్లకూ ఉమ్మడి రాష్ట్రపు అంకెలే తీసుకుని, ఆ మాట బొమ్మ మీదే రాశాం.

నాలుగోది: నువ్వు చివరి మాటవేనా? 2011లో రాష్ట్రంలోని మొత్తం ఆడవాళ్ల అక్షరాస్యత ఒకమ్మాయి 59.74 శాతం అని తెచ్చింది. ఇంకో అమ్మాయి 59.15 అని తెచ్చింది. ఇద్దరూ వాదించుకున్నారు. రెండూ జనగణన శాఖ ఇచ్చినవే. మొదటిది లెక్క అయిన వెంటనే ప్రకటించిన తాత్కాలిక అంకె, రెండోది సరిచూసి ఇచ్చిన తుది అంకె. తుది అంకె ఉన్నప్పుడు దాన్నే వాడాలి.

ఇంత వడకట్టాక మా చేతిలో మిగిలినవి ఆరు అంకెలు. ఆదివాసీ ఆడవాళ్ల అక్షరాస్యత 1991లో 8.68, 2001లో 26.11, 2011లో 40.09. రాష్ట్రంలోని ఆడవాళ్లందరి అక్షరాస్యత అవే ఏళ్లలో 32.72, 50.43, 59.15. పద్నాలుగు అంకెల మూట దగ్గరనుంచి ఆరు అంకెల దగ్గరికి వచ్చాం.

రెండు నిజాలూ చెప్పాలి

ఇప్పుడు ఈ ఆరు అంకెలూ ఏం చెబుతున్నాయి? పిల్లల్ని రెండు జట్లుగా కూర్చోబెట్టాను.

మొదటి జట్టు, "8.68 నుంచి 40.09 అంటే ఇరవై ఏళ్లలో నాలుగున్నర రెట్లు పెరిగింది. ఇదే మన శీర్షిక" అంది. రెండో జట్టు తీసివేతలు చేసింది. ఆదివాసీ ఆడవాళ్లకీ మొత్తం ఆడవాళ్లకీ మధ్య తేడా 1991లో 24. పదేళ్ల తర్వాత కూడా 24. మరో పదేళ్లకి 19. "మనం పరుగెత్తాం, వాళ్లూ పరుగెత్తారు. దూరం తగ్గింది అయిదే" అన్నారు వాళ్లు.

రెండూ నిజమే. ఒకటే చెబితే రెండోది దాచినట్టు. మొదటిది మాత్రమే చెబితే ఇంక చేయాల్సిందేమీ లేదనిపిస్తుంది. రెండోది మాత్రమే చెబితే మా అమ్మ కట్టెలమోపు అమ్మి నాకు పలకలు కొన్న కష్టానికి విలువ లేనట్టు అనిపిస్తుంది. శీర్షికలో మన పెరుగుదల పెట్టి, కిందనే అంతే స్పష్టంగా దూరం చూపించాలని తీర్మానించాం. చిన్న అక్షరాల్లో దాచకుండా.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. సగటు అంటే అందరినీ కలిపి పోసిన గంజి. 40 శాతం అన్నది అన్ని తెగలనూ, మైదానాన్నీ కొండనూ కలిపిన సగటు. కొండమీద రోడ్డు లేని ఊళ్లో చెంచు ఆడపడుచుకో, కొండరెడ్డి ఆడపడుచుకో ఆ అంకె వర్తించకపోవచ్చు. అందుకని "మన ఊళ్లో" అని రాయలేదు, "ఉమ్మడి రాష్ట్రంలో" అని రాశాం.

ఏ ఆకారం సరిపోతుంది

ఇప్పుడు గీయడం. ఫోన్ ఇంకా తీయలేదు. పెన్సిల్, గళ్ల కాగితం.

కాలంతో మారేదానికి గీత పటం బాగుంటుంది. వేర్వేరు వాటిని పోల్చడానికి పట్టీల పటం బాగుంటుంది. మొత్తంలో భాగం చూపడానికి గుండ్రటి పటం వాడతారు గానీ, ముక్కలు మూడు నాలుగు దాటితే కళ్లకి తేడా తెలియదు. మా చూపరులు అమ్మానాన్నలు. చాలామందికి శాతం అనే మాట పరాయిది. కానీ నూరు అంటే తెలుసు. సంతలో నూరు లెక్కపెట్టని మనిషి ఎవరు? అందుకే నూరుమంది ఆడవాళ్లను గీయాలనుకున్నాం. పదేసి మంది పది వరుసలు. ఏడాదికొక గడి. 1991 గడిలో తొమ్మిదిమందికి రంగు, 2001 గడిలో ఇరవైఆరుగురికి, 2011 గడిలో నలభైమందికి. రాష్ట్రపు మొత్తం ఆడవాళ్ల అంకె 33, 50, 59 దగ్గర ఒక గీత. ఆ గీతకీ మన రంగు ఆగిన చోటుకీ మధ్య ఉన్న ఖాళీయే దూరం. దశాంశాలను దగ్గరి పూర్ణాంకానికి మార్చి బొమ్మలో పెట్టాం. అసలు అంకెలు అడుగున రాశాం.

ఒకబ్బాయి, ఆఫీసు సహాయకుడి కొడుకు, సరదాగా ఇంకో ఆలోచన చెప్పాడు. 1991కి ఒక చిన్న పుస్తకం, 2011కి పెద్ద పుస్తకం గీద్దామన్నాడు. ఇది చాలామంది చేసే పొరపాటు. పుస్తకం ఎత్తు రెండింతలు చేస్తే వెడల్పు కూడా రెండింతలవుతుంది. కాగితం మీద అది నాలుగింతల చోటు తింటుంది. అంకె రెండింతలే పెరిగినా కంటికి నాలుగింతలు కనిపిస్తుంది. 1920లలో వియన్నాలో ఓటో నాయిరత్ అనే ఆయన సామాన్యులకు లెక్కలు చూపించే మ్యూజియం నడుపుతూ దీనికి ఒక నియమం పెట్టుకున్నాడు. ఎక్కువ చూపించాలంటే బొమ్మను పెద్దది చేయకు, అదే బొమ్మను ఎక్కువసార్లు వేయి అని. అదే నియమం మేమూ పాటించాం.

ఇలాంటిదే ఇంకో మోసం పట్టీల పటంలో ఉంటుంది. పట్టీ సున్నా దగ్గర మొదలవ్వాలి. 40నీ 59నీ పోలుస్తూ అడుగు గీతను 35 దగ్గర మొదలుపెడితే, ఒక పట్టీ 5 గళ్లు, ఇంకోటి 24 గళ్లు. చూసేవాళ్లకి మనం అయిదోవంతే ఉన్నట్టు కనిపిస్తుంది. అంకె నిజమే, బొమ్మ అబద్ధం. ఎవరైనా మీకు అలాంటి పటం చూపిస్తే ముందు అడుగు గీత ఎక్కడ మొదలైందో చూడండి.

రంగులు, అక్షరాలు

రంగులు రెండే. ఒకటి మనకి, ఒకటి పోలిక గీతకి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టకండి. కొందరి కళ్లు ఆ రెండింటి తేడా పట్టలేవు. నలుపు తెలుపులో జిరాక్స్ తీసి చూడండి. అప్పుడు కూడా అర్థమైతేనే ఆ రంగులు పనికొచ్చినట్టు. మన బొమ్మలు చివరికి జిరాక్స్ కాగితం మీదే ఊరికి చేరతాయి.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషు కొలతతో వరుసలు దగ్గరగా పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తొక్కేస్తుంది. వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి. వంకీల ఫాంట్లు పెళ్లి కార్డుకి ఉంచుకోండి. గోడకి అంటించే పోస్టర్ అయితే నాలుగు అడుగుల దూరంలో నిలబడి చదివి చూడండి. ఫోన్‌కి అయితే నిలువుగా చేయండి, వేళ్లతో పెద్దది చేసుకోకుండా చదవగలగాలి. ఫ్లెక్సీ షాపుకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌గానో, బొమ్మగానో ఇవ్వండి. అక్కడ ఫాంట్ మారితే ఒత్తులు విడిపోయి మాట మారిపోతుంది. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అక్షరాలు అలుక్కుపోవు.

అడుగున ఒక వరుస తప్పనిసరి: అంకెలు ఎక్కడివి, ఏ ఏటివి, ఏ ప్రాంతానివి, ఎవరు గీశారు. ఆ వరుస లేని బొమ్మ చిరునామా లేని ఉత్తరం.

మామ్మ అడిగిన ప్రశ్న

ఇంత చేశాక, రెండో బొమ్మను ఒక ఆదివారం హాస్టల్ వరండాలో పెట్టాం. చదవడం వచ్చినవాళ్లని పసుపు చీరలో, పుస్తకంతో గీశాం. రానివాళ్లని నల్లగా, తల వంచుకున్నట్టు గీశాం. పైన "అక్షరాస్యులు", "నిరక్షరాస్యులు" అని రాశాం. తేడా బాగా తెలుస్తోందని మేమంతా సంబరపడ్డాం.

ఒక పిల్లని చూడటానికి వాళ్ల మామ్మ వచ్చింది. బొమ్మ ముందు నిలబడి మనవరాలిచేత చెప్పించుకుంది. తొమ్మిది, ఇరవైఆరు, నలభై అన్నీ అర్థమయ్యాయి. తర్వాత నల్ల బొమ్మ మీద వేలు పెట్టి అడిగింది. "ఇది నేనా?"

మనవరాలు మాట్లాడలేదు.

"మరి తలొంచుకుని ఎందుకున్నాను? నేనేం తప్పు చేశాను?"

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆ తొంభైఒక్కరిలో ఆమెనీ నల్లగా గీసింది మేమే, నేనే. ఆమెని తలొంచుకునేలా చేసిన అంకె ఏదీ జనగణనలో లేదు. ఆమెకి చదవడం రాదని మాత్రమే ఉంది. తలొంపు మేం కలిపింది.

ఆ రాత్రి బొమ్మ మార్చాం. అందరూ ఒకే మనిషి, ఒకే ఎత్తు, ఒకే చీరకట్టు, తల నిటారుగా. చదవడం వచ్చినవాళ్లకి రంగు నింపాం, మిగతావాళ్లని గీతతో ఉంచాం. నల్లరంగు తీసేశాం. "నిరక్షరాస్యులు" అన్న మాట కూడా తీసేశాం. దాని బదులు ఒకమ్మాయి "బడి అందనివారు" అని రాద్దామంది. మనసుకి బాగుంది. ఇంకో అమ్మాయి వెంటనే, "బడికి వెళ్లీ చదవడం రానివాళ్లు ఉంటారు, బడికి వెళ్లకపోయినా వచ్చినవాళ్లు ఉంటారు. లెక్క ఆ మాట చెప్పడం లేదు" అంది. ఆమె మాటే సరైనది. మనకి అనుకూలంగా ఉన్నా సరే, అంకె చెప్పని మాట వద్దు. చివరికి "చదవడం, రాయడం వచ్చినవారు" అని ఒక్క మాటే రాసి, మిగతావారికి ఏ పేరూ పెట్టలేదు.

ఈకల టోపీ బదులు మన ఊరి ఆడవాళ్లనే గీశాం. పిల్లలు వాళ్ల అమ్మల ఫోటోలు చూసి, చీర ముడి ఎలా వేస్తారో, కొప్పు ఎటు పెడతారో చూసి గీశారు.

పేరు లేకపోయినా మనిషి కనిపిస్తుంది

నా తప్పు ఇంకొకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట పిల్లలకి రక్తపరీక్షలు చేశారు. ఆ ఫలితాలతో నేను ఉత్సాహంగా ఒక చార్ట్ వేసి భోజనాల గదిలో అంటించాను. పేర్లతో సహా. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువున్నవాళ్ల పేర్లు ఎర్ర స్కెచ్‌తో. అందరూ ఐరన్ మాత్రలు వేసుకోవాలని నా ఉద్దేశం. మర్నాటికి ఒక పిల్లకి "రక్తం లేనిది" అని పేరు పడింది. రెండు పూటలు అన్నానికి రాలేదు. చార్ట్ చింపేశాను గానీ, ఆ పేరు చింపడానికి చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు మన ప్రాంతాల్లో సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నాయి. 2023లో కేంద్రం దీనికి జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. దాని మీద అవగాహన బొమ్మలు మీరు వేస్తారు, వేయాలి కూడా. కానీ ముప్పై గడపల ఊళ్లో "ఈ ఊళ్లో ఒకరికి ఉంది" అని రాస్తే పేరు రాయనక్కర్లేదు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పెళ్లి సంబంధాలు ఆగిపోతాయి. సంఖ్య చిన్నదైతే ఊరి పేరు తీసేయండి, మండలం స్థాయిలో చెప్పండి. అంకె వెనక మనిషి దాక్కోవడానికి చోటు ఉండాలి. చోటు లేకపోతే ఆ అంకె వేయకండి. బొమ్మ ఒకటి తగ్గితే నష్టం లేదు.

నాలుగో గడి

ఇక ఖాళీగా ఉంచిన ఆ మూడో వాక్యం సంగతి. చూశాక వాళ్లు ఏం చేయాలి?

మూడు గడులూ వేశాక కాగితం మీద చివర కొంత చోటు మిగిలింది. 2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగిపోయింది కాబట్టి నాలుగో అంకె లేదు. ఒక పిల్ల ఆ చోట్లో నూరుమందినీ గీతలతో గీసి, రంగు వేయకుండా వదిలేసింది. "ఇది మనది మేడం. ఇంకా లెక్కించలేదు" అంది.

ఆ పిల్లే ఇంకో మాట చెప్పింది. వాళ్లమ్మకి సెలవుల్లో తనే అక్షరాలు నేర్పిందట. ఇప్పుడు ఆమె బస్సు మీద ఊరి పేరు చదువుతుంది, సంఘం పుస్తకంలో బాకీ రాస్తుంది. "కానీ లెక్క రాసేవాళ్లు వస్తే మా నాన్నని అడుగుతారు. ఆయన మా అమ్మకి చదువు రాదనే చెప్తాడు. ఆయనకి తెలియదు" అంది.

మా మూడో వాక్యం అక్కడ దొరికింది. బొమ్మ అడుగున ఇలా రాశాం: "లెక్క రాసేవారు మన ఇంటికి వచ్చినప్పుడు, ఇంట్లో ప్రతి ఆడమనిషి గురించీ ఆమెనే అడిగి చెప్పండి."

వచ్చే జనగణనకి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. మీలో చాలామంది ఆ లెక్కలో మొదటిసారి పెద్దవాళ్లుగా ఉంటారు. ఇంట్లో ఆ ప్రశ్నలకి జవాబు చెప్పేది కూడా మీరే కావచ్చు. ఆ రోజు ఇంట్లో ఉండండి. అమ్మని, అత్తని, మామ్మని ముందుకు పిలవండి. చదవడం, రాయడం వచ్చిందంటే వచ్చిందని రాయించండి. రాకపోతే రాదనే రాయించండి. ఎక్కువ చెప్పించడమూ అబద్ధమే. మనం గీయబోయే బొమ్మకి కావలసిన నిజం అక్కడే పుడుతుంది.

ఆ అంకె బయటికి వచ్చాక నాలుగో గడికి రంగు వేసేది మీరు. ఎంతవరకు రంగు వస్తుందో నేను చెప్పలేను. ఎంత వస్తే అంతే వేయండి. ఒక్క చుక్క ఎక్కువా వద్దు, ఒక్క చుక్క తక్కువా వద్దు. మిగతావాళ్ల తలలు మాత్రం నిటారుగా గీయండి.

మా ఇన్ఫోగ్రాఫిక్ ఈ రోజు బయట స్టాల్ దగ్గర పెట్టాం. నాలుగో గడి ఇంకా ఖాళీగానే ఉంది. వెళ్లేటప్పుడు చూడండి. తప్పులుంటే చెప్పండి. మామ్మ చెప్పినట్టు మొహం మీదే చెప్పండి, మారుస్తాం.